కార్డు ఉంది, బీపీ చూసే మనిషేది?

మా కోనసీమలో జబ్బుల సంగతి ఎత్తితే చాలు, ఎవరో ఒకరు "ఆరోగ్యశ్రీ ఉందిగా అండీ" అనేస్తారు. నిజమే, ఉంది. 2007లో ఆ పథకం రాకపోయి ఉంటే మా వీధిలో గుండె ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో చాలామంది ఉన్న అరెకరమూ అమ్ముకునేవాళ్లు. దాన్ని తీసిపారేసే ఉద్దేశం నాకు లేదు. నా బాధల్లా, ఆ కార్డు పని మొదలయ్యేది మనిషి పడిపోయాక. పడిపోవడానికి ముందు పదేళ్లపాటు ఆ మనిషికి బీపీ ఎవరు చూశారు? షుగరు ఎవరు చూశారు? బిళ్లలు మానేస్తే ఎవరు కేకలేశారు? ఈ పనికి కార్డు లేదు, ప్యాకేజీ లేదు, పేపర్లో ఫొటో అసలే రాదు. ఈ పని నర్సుది. ఆ నర్సుని మనం లెక్కలోకే తీసుకోం.

అందరికీ ఆరోగ్యం అన్నది ప్రపంచం చాలాకాలంగా అనుకుంటున్న మాటే. 1978లో ఆల్మా అటాలో జరిగిన అంతర్జాతీయ సదస్సులో అనుకున్నారు, 2000 కల్లా అన్నారు. అది దాటిపోయింది. 2015లో ఐక్యరాజ్యసమితిలో మళ్లీ అనుకున్నారు, ఈసారి 2030 అన్నారు. జబ్బు చేసిన ప్రతి ఒక్కరికీ కావలసిన వైద్యం అందాలి, దానికోసం ఇల్లు గుల్ల కాకూడదు, అంతే సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ బ్యాంకు కలిసి 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం దాదాపు 450 కోట్ల మందికి అవసరమైన సేవలు పూర్తిగా అందట్లేదు. అంటే భూమ్మీద ఉన్న జనంలో సగానికి పైనే. గడువేమో ముంచుకొచ్చేస్తోంది.

ఈ పెద్ద లెక్కలు మన ఏటిగట్టు మీద కూర్చుని ఎందుకు వల్లించాలి అంటే, మన డెల్టాకి సొంత లెక్క ఒకటుంది కాబట్టి. 2003–04లో అప్పటి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఒక అధ్యయనం చేశారు. ఏడాది కాలంలో చనిపోయినవాళ్ల ఇళ్లకి వెళ్లి, ఎలా పోయారు, ముందు ఏ బాధలున్నాయి అని ఇంట్లోవాళ్లని అడిగి రాసుకున్నారు. ఆ కాగితాలు డాక్టర్లు చదివి కారణం తేల్చారు. 1,354 మరణాలు. అందులో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవి: గుండెపోటు, పక్షవాతం లాంటివి. ప్రమాదాలు, గాయాలు 13 శాతం. అంటువ్యాధులు 12 శాతం. పల్లెటూళ్లలో జనం జ్వరాలతో, విరేచనాలతో పోతారని, గుండెజబ్బు పట్నంలో డబ్బున్నవాళ్లదని గట్టిగా నమ్మే రోజులవి. వరిచేలలో వంగి పనిచేసేవాళ్లకి, కొబ్బరిచెట్లు ఎక్కేవాళ్లకి బీపీ ఏమిటి అనుకునేవారు. ఇప్పుడు ఏ ఊళ్లోనైనా రచ్చబండ దగ్గర నిలబడి చూడండి, కాలు ఈడ్చుకుంటూ నడిచేవాళ్లు కనబడకపోతే అడగండి.

బీపీ అనేది డాక్టరు ఒకసారి చూసి నయం చేసి పంపించే జబ్బు కాదు. ఇరవై ఏళ్లు, ముప్పై ఏళ్లు మనిషితో కాపురం చేస్తుంది. నొప్పి ఉండదు, దగ్గు ఉండదు, కాబట్టి మనిషికి దాని మీద భయమూ ఉండదు. దానికి కావలసింది నెలనెలా పేరు పెట్టి పిలిచి చెయ్యి చాపమనే మనిషి. ఆ పనికి ఒక డాక్టరుని ప్రతి ఊళ్లో కూర్చోబెట్టడం అయ్యే పని కాదు. ఐదు వేల మంది జనాభాకి ఒక సబ్‌సెంటర్, ముప్పై వేలకి ఒక పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) అన్నది మన దేశం పెట్టుకున్న లెక్క. డాక్టరు ఉండేది పీహెచ్‌సీలో. ఊళ్లో ఉండేది నర్సు.

ఆమె చేసేదేమిటో దగ్గరగా చూస్తే గానీ తెలియదు. మా వైపు ఒక లంక ఊరి విలేజ్ క్లినిక్‌లో ఓ పొద్దుటిపూట కూర్చున్నాను. అక్కడ ఉన్నది బీఎస్సీ నర్సింగ్ చదివిన అమ్మాయి. ఉద్యోగం పేరు మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్. అది నోరు తిరక్క ఊళ్లో అందరూ సిస్టరమ్మ అంటారు. బల్ల మీద బీపీ మిషను, షుగరు చూసే గ్లూకోమీటరు, ఒక రిజిస్టరు, ఒక ట్యాబు. రిజిస్టర్లో రాసిందే మళ్లీ ట్యాబులో ఎక్కించాలి, ఆ సంగతి ఇప్పుడు వద్దులెండి.

వచ్చినాయన ఒకప్పుడు కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపే కార్మికుడు. అరవై దాటాక చెట్టెక్కడం మానేసి కొబ్బరి ఒలుపుకి వెళ్తున్నాడు.

"బాబాయ్ గారూ, బిళ్లలు వేసుకుంటున్నారా?"

"ఏసుకుంటన్నానమ్మా."

"అట్టలు తెచ్చారా? ఏవీ, ఇలా ఇవ్వండి."

చేతిసంచిలోంచి తీశాడు. నెలకని ఇచ్చిన మూడు అట్టల్లో ఒకటి సగం అయింది. మిగతా రెండూ ఇచ్చినవి ఇచ్చినట్టే ఉన్నాయి. ఆ అమ్మాయి కోప్పడలేదు. "తలనొప్పి లేదు, కళ్లు తిరగట్లేదు, ఇంకెందుకులే అనుకున్నారా?" అంది. "ఆయ్, అంతేనమ్మా" అన్నాడాయన, పట్టుబడిపోయినట్టు నవ్వుతూ. నడిచొచ్చిన ఆయాసం తగ్గేదాకా కూర్చోబెట్టి, చొక్కా చెయ్యి పైకి మడవమని, చెయ్యి బల్ల మీద పెట్టించి అప్పుడు చూసింది. 170/100. కాసేపాగి మళ్లీ చూసింది. అంతే ఉంది. రాత్రి ఏం కూర అని అడిగింది. ఉప్పుచేప పులుసట. దాన్ని మానేయమని ఆమె అనలేదు. గోదారి ఒడ్డున పుట్టినవాణ్ని ఉప్పుచేప మానమంటే వింటాడా? "నెలకోసారి తినండి, మర్నాడు పచ్చడి జోలికి పోకండి" అంది. తర్వాత ఆయన ఫోన్ తీసుకుని కోడలికి చేసింది. "చెల్లీ, పొద్దున్న టీ గ్లాసుతోపాటు ఒక బిళ్ల మావయ్య గారి చేతిలో పెట్టు. ఆయన మింగేదాకా అక్కడే ఉండు."

దీనికి పదిహేను నిమిషాలు పట్టింది. ఈ పదిహేను నిమిషాల్లో కొత్త మందేమీ రాయలేదు, ఏ స్కానూ తీయలేదు. ఆయనకి పక్షవాతం రాకుండా ఆపే శక్తి మాత్రం జిల్లాలో ఉన్న ఎమ్మారై మిషన్లన్నిటికంటే ఆ ఫోన్ కాల్‌కే ఎక్కువ ఉంది.

అసలు చిక్కు ఆయన తర్వాత వచ్చినావిడతో మొదలైంది. రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్తుంది. ఒక్క రోజు మానకుండా బిళ్ల వేసుకుంటోంది, అట్టలు ఖాళీ. అయినా బీపీ 160/100. మందు మోతాదు పెంచాలి, లేదా ఇంకొక మందు కలపాలి. ఏ మందో, ఎంతో సిస్టరమ్మకి తెలుసు. కానీ ఆమె మార్చకూడదు. ఫోన్లోనే డాక్టరుతో మాట్లాడించే ప్రభుత్వ సేవ ఈ-సంజీవని పెట్టి డాక్టరు గారికి ప్రయత్నించింది. సిగ్నల్ వస్తూ పోతూ ఉంది, కలిసినప్పుడు అవతల డాక్టరు గారు మీటింగ్‌లో ఉన్నారు. గురువారం రమ్మంది. గురువారం రావడమంటే ఆవిడకి ఒక రోజు కూలి పోవడం. ఆవిడ మొహం చూస్తే తెలిసిపోతోంది, రాదు. సాయంత్రం ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తుంది, ఆయన ఒక సూది వేసి సెలైన్ ఎక్కిస్తాడు.

నా వాదనంతా ఇక్కడే ఉంది. నర్సింగ్‌ని బలోపేతం చేయడం అంటే మన దగ్గర మే 12న ఫ్లోరెన్స్ నైటింగేల్ ఫొటోకి దండేసి, కొవ్వొత్తులు వెలిగించి, శాలువాలు కప్పడం అనుకుంటారు. నైటింగేల్ పుట్టి 200 ఏళ్లయిందని 2020ని ప్రపంచమంతా నర్సుల సంవత్సరంగా ప్రకటించారు. ఆ ఏడే కోవిడ్ వచ్చి, మనమంతా మేడలెక్కి పళ్లాలు కొట్టాం. పళ్లాల వల్ల ఒక్క పోస్టు కూడా పెరగలేదు. నర్సుకి కావలసినవి మూడు: తెలిసిన పని చేయడానికి చట్టం ఇచ్చే అధికారం, వార్డుకి సరిపడా మనుషులు, గౌరవంగా బతకగల జీతం. వీటిలో అధికారం సంగతే అందరూ దాటేస్తారు కాబట్టి నేను దాని మీదే ఎక్కువసేపు ఉంటాను.

బీపీ వైద్యంలో మొదటి మెట్లు చాలా తిన్ననివి. మన దేశంలోనే 2017లో మొదలైన హైపర్‌టెన్షన్ నియంత్రణ కార్యక్రమంలో రాష్ట్రానికొక పట్టిక తయారుచేసి గోడకి అంటించారు. మొదట ఈ మందు ఇంత, నెలకి అదుపులోకి రాకపోతే ఇది కలపండి, అప్పటికీ రాకపోతే పైకి పంపండి. గర్భిణి అయితే, కిడ్నీ జబ్బు ఉంటే నేరుగా డాక్టరు దగ్గరికి. అది చదివి పాటించడానికి నాలుగేళ్ల నర్సింగ్ చదువు చాలదా? 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన బీపీ మార్గదర్శకాల్లో ఇదే ఉంది. తగిన శిక్షణ, మందు రాసే అధికారం, ఒక నిర్ణీత పద్ధతి, పైన డాక్టరు పర్యవేక్షణ ఉంటే నర్సులు, ఫార్మసిస్టులు బీపీకి మందులివ్వవచ్చు. దక్షిణాఫ్రికాలో 2010 నుంచి ఎయిడ్స్ మందులు మొదలుపెట్టే బాధ్యతే నర్సులకి ఇచ్చారు. అంతమందికి మందులు అందించడానికి వాళ్లకి వేరే దారి లేకపోయింది.

అధికారం ఇవ్వకుండా పనిముట్లు మాత్రం చేతికిస్తే ఏమవుతుందో మన పశ్చిమ గోదావరిలోనే ఒకసారి చూశారు. 18 పీహెచ్‌సీల పరిధిలో ఆశా కార్యకర్తలకి ట్యాబులిచ్చారు. ఇంటింటికీ వెళ్లి బీపీ చూసి, గుండెజబ్బు ముప్పు ఎంతుందో లెక్కకట్టి, ముప్పు ఎక్కువ ఉన్నవాళ్లని డాక్టరు దగ్గరికి పంపాలి. మంచి ఆలోచన, ఆశా వర్కర్లు బాగా కష్టపడ్డారు. 2019లో ఫలితాలు వచ్చాయి. బీపీ అదుపులోకి వచ్చినవాళ్ల శాతంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. నాకర్థమైనంతవరకు, ముప్పు ఉందని చెప్పే మనుషులు పెరిగారు గానీ మందు మార్చే చేతులు పెరగలేదు. అన్ని దారులూ మళ్లీ ఆ ఒక్క డాక్టరు గది ముందుకే వచ్చి ఆగాయి.

దీనికి అభ్యంతరం ఉంది, తెలుసు. 2019లో నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం 32వ సెక్షన్‌లో కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్లకి, అంటే డాక్టర్లు కాని ఆరోగ్య సిబ్బందికి, పరిమితంగా మందులు రాసే లైసెన్సు మాట వచ్చినప్పుడు డాక్టర్ల సంఘం దేశమంతా సమ్మె చేసింది. సగం చదువులవాళ్ల చేతిలో పల్లె జనాన్ని పెడతారా అన్నారు. ప్రశ్న న్యాయమైనదే. కాకపోతే అది అడిగినవాళ్లు ఒకసారి మా లంకల్లోకి రావాలి. పల్లె జనం ఇప్పటికే ఎవరి చేతిలో ఉన్నారో చూడాలి. పదో తరగతి చదివి, ఏదో క్లినిక్‌లో నాలుగేళ్లు కాంపౌండరుగా ఉండి, బోర్డు పెట్టినాయన స్టెరాయిడ్ సూది వేస్తే అడిగే నాథుడు లేడు. నాలుగేళ్లు అనాటమీ, ఫార్మకాలజీ చదివి రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న అమ్మాయి ఐదు మిల్లీగ్రాముల బిళ్లని పది చేస్తే మాత్రం నేరం. ఆర్ఎంపీల మీద నాకేమీ కసి లేదు. అర్ధరాత్రి తలుపు కొడితే లేచి వచ్చేది వాళ్లే. ఆ ఖాళీని అలా వదిలేసింది మనం.

ఇప్పుడు వార్డుల సంగతి. మా మేనత్తని మొన్నామధ్య డెల్టాలోనే ఒక పట్నంలో ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. ఏ ఆసుపత్రో అనవసరం, ఆ వీధిలో అన్నీ అలాగే ఉన్నాయి. పగలు బాగానే ఉంటుంది. రాత్రి పది దాటాక ఆ అంతస్తు మొత్తానికి ఒక్క నర్సు. చిన్నపిల్ల, జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా అయి ఏడాది కూడా కాలేదు. ఒక గదిలో సెలైన్ అయిపోయిందని పిలుస్తుంటే ఇంకో గదిలో ఎవరికో ఆయాసం. పరుగెత్తుతూనే ఉంది. మా అత్తయ్యకి రెండు గంటలకోసారి చూడాల్సిన బీపీ చార్టులో అన్ని గడులూ నిండే ఉన్నాయి, తెల్లవారుజామున ఒకేసారి నింపేసింది. నేను చూస్తూనే ఉన్నాను, ఏమనగలను?

బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకి ఒక నర్సు, మామూలు ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు ఉండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ ఏనాడో చెప్పింది. ఐసీయూలో ఒకరికి ఒకరు. ఇదేదో నర్సుల సుఖం కోసం పెట్టిన నిబంధన అనుకుంటారు. తొమ్మిది యూరప్ దేశాల్లో 300 ఆసుపత్రులని, నాలుగు లక్షలకి పైగా ఆపరేషన్ రోగులని పరిశీలించి 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వేశారు. నర్సు మీద ఒక్క రోగి భారం పెరిగినా, చేరిన ముప్పై రోజుల్లోపు రోగి చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోందని తేలింది. ఒక్క రోగి పెరిగితేనే. మా అత్తయ్య ఉన్న అంతస్తుకి ఆ లెక్క వేయడానికి నాకు ధైర్యం చాలలేదు.

నర్సు లేని చోట ఆ పని ఎవరు చేస్తున్నారు? రోగి తాలూకు ఆడవాళ్లు. రోగిని పక్కకి తిప్పడం, ట్యూబులో జావ పోయడం, పక్క మార్చడం, యూరిన్ బ్యాగ్ ఖాళీ చేయడం, అన్నీ భార్యో కూతురో కోడలో చేస్తారు. అటెండెంట్ లేనిదే చేర్చుకోం అని ఆసుపత్రే చెబుతుంది. ఆపరేషన్ ఖర్చు కార్డు భరిస్తుంది, బాగానే ఉంది. మంచం పక్కన నేల మీద చాప పరుచుకుని పడుకున్నావిడ కూలి ఎవరు ఇస్తారు? ఆవిడ తిండి, బస్సు ఛార్జీ, ఇంటి దగ్గర పిల్లల్ని చూడటానికి వచ్చిన చెల్లెలి కూలి? మన దేశంలో వైద్యానికి అయ్యే మొత్తం ఖర్చులో జనం జేబులోంచి పెడుతున్నది 2021–22 నాటికి 39.4 శాతానికి తగ్గిందని ప్రభుత్వ లెక్క. 2013–14లో అది 64.2 శాతం. తగ్గడం సంతోషమే. ఈ పోయిన కూలి మాత్రం ఆ లెక్కలో ఏ కాలమ్‌లోనూ ఉండదు. నర్సుల జీతాల్లో ఆసుపత్రులు మిగుల్చుకుంటున్నదాన్ని మా ఊరి ఆడవాళ్లు కడుతున్నారు.

ఇంటికి తెచ్చాక ఇంకో కథ. పక్షవాతం వచ్చినవాళ్లని రెండు గంటలకోసారి తిప్పకపోతే నడుము కింద పుండ్లు పడతాయని డిశ్చార్జి రోజున ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. కాగితం చేతిలో పెట్టి పంపిస్తారు. అత్తయ్య వాళ్ల ఇంటికి పక్కూరి ఏఎన్ఎం వచ్చి, దుప్పటిని సగానికి మడిచి ఒంటి కిందకి ఎలా తొయ్యాలో, ఒక్కళ్లే మనిషిని ఎలా తిప్పొచ్చో మా వదినకి చేసి చూపించింది. అది ఆవిడ డ్యూటీ కూడా కాదు.

ఆ రాత్రి డ్యూటీ అమ్మాయి జీతం ఎంతో అడిగితే సిగ్గుపడుతూ చెప్పింది. నర్సుల జీతాల మీద 2016లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసులో నిపుణుల కమిటీ వేశారు. యాభై పడకల లోపు చిన్న ఆసుపత్రి అయినా నెలకి 20,000కి తగ్గకూడదని, రెండు వందల పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని ఆ కమిటీ చెప్పింది. ఇది పదేళ్ల నాటి 20,000. ఆ అమ్మాయికి ఈ రోజు వస్తున్నది అందులో సగానికి కాస్త పైన. బల్ల మీద కేస్ షీట్ల కింద ఒక జర్మన్ పుస్తకం ఉంది. జర్మనీలో ఉద్యోగం కోసం బీ2 అనే భాషా పరీక్షకి చదువుతోందట. వాళ్ల అక్క కువైట్‌లో ఉంది.

వెళ్లిపోతున్నారని నర్సులని ఆడిపోసుకునేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. మా ప్రాంతం నుంచి ఇళ్లల్లో పనికి మస్కట్, కువైట్ వెళ్లే ఆడవాళ్లని చూసి కన్నీళ్లు పెట్టుకునే మనం, నర్సు వెళ్తే దేశద్రోహం అంటాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం లోకంలో 2.98 కోట్ల మంది నర్సులున్నారు, ఇంకా 58 లక్షల మంది కావాలి. ఉన్నవాళ్లలో 78 శాతం మంది పనిచేస్తున్నది ప్రపంచ జనాభాలో 49 శాతం ఉన్న దేశాల్లో. ప్రతి ఏడుగురు నర్సుల్లో ఒకరు పుట్టిన దేశం వేరు, పనిచేస్తున్న దేశం వేరు. డబ్బున్న దేశాలు తమ ముసలివాళ్లని చూసుకోవడానికి పేద దేశాల చదువు ఖర్చుని వాడుకుంటున్నాయి. ఇలా నర్సుల్ని తీసుకెళ్లడం మీద 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థలో ఒక నియమావళి రాసుకున్నారు గానీ దానికి చట్టబలం లేదు. రాజమండ్రిలోనో భీమవరంలోనో చదివిన పిల్ల హాంబర్గ్‌లో ఒక తాతగారిని పక్కకి తిప్పుతుంటే, ఆ పిల్ల సొంత తాతని తిప్పేవాళ్లు ఊళ్లో ఉండరు. ఆ పిల్ల ఏం చేయాలి మరి? సగం జీతానికి ఇక్కడే ఉండిపోవాలా?

గౌరవం మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. మా పిన్ని ఏఎన్ఎం ట్రైనింగ్‌కి వెళ్తానంటే మా తాతయ్య ఇంట్లో పెద్ద రాద్ధాంతమే చేశారట. పరాయివాళ్ల ఒళ్లు తుడవడం, మలమూత్రాలు ఎత్తడం మన ఇంటావంటా ఉందా అన్నారట. రాత్రి డ్యూటీల మాట వేరే. ఈ అసహ్యం వెనకున్నది కులమే. మన డెల్టాలో ఈ పనికి మొదట ముందుకొచ్చింది మిషన్ ఆసుపత్రుల్లో చదువుకున్న క్రైస్తవ, దళిత కుటుంబాల ఆడపిల్లలు. కాకినాడ, పిఠాపురం వైపు కెనడియన్ బాప్టిస్టులు, రాజమండ్రిలో లూథరన్లు పెట్టిన ఆసుపత్రులవి. పెద్ద కులాలవాళ్లు ఆ చేతుల మీదుగానే పురుళ్లు పోయించుకున్నారు. ఇంటికొచ్చాక స్నానం చేశారు. ఈ రోజు జీతాల దగ్గర, పదోన్నతుల దగ్గర, డాక్టరు గారు వార్డులోకి వస్తే లేచి నిలబడే పద్ధతి దగ్గర ఆ వాసన ఇంకా ఉంది.

పిన్ని పంతం పట్టి వెళ్లింది. 1986 ఆగస్టు వరదల్లో, 1996 నవంబరు తుపానులో డ్యూటీ చేసింది. తుపాను తర్వాత ఊళ్లోకి మొదట చేరాల్సింది ఏమిటని నేనడిగితే మందులు, బియ్యం అనలేదు. "ఏ ఇంట్లో ఎవరికి నెలలు నిండాయో తెలిసిన మనిషి చేరాలిరా" అంది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లొచ్చినప్పుడు లంకల నుంచి గర్భిణులని ముందుగానే పడవల్లో దాటించారు కదా. ఆ జాబితా ఏ కంప్యూటరూ అప్పటికప్పుడు పుట్టించలేదు. ఏఎన్ఎంలూ ఆశాలూ ఏడాది పొడుగునా ఇళ్ల చుట్టూ తిరిగి రాసుకున్నది అది. ఇప్పుడు వాళ్ల పనిదినంలో ఎంత భాగం యాప్‌లకీ, హాజరు వేలిముద్రలకీ, సంబంధం లేని సర్వేలకీ పోతోందో ఏ ఏఎన్ఎంని కదిపినా గంటసేపు చెబుతుంది.

కాన్పుల గురించి ఒక్క మాట. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో సిజేరియన్లు 42.4 శాతం. తెలంగాణలో 60.7. మామూలు కాన్పు చేయించడానికే ప్రత్యేకంగా చదివిన మిడ్‌వైఫ్ నర్సులు ప్రసూతి వార్డులో ఉంటే ఇందులో చాలా కోతలు తప్పుతాయి. దీని మీద వేరే వ్యాసమే రాయాలి.

నర్సింగ్ కాలేజీలు బోలెడున్నాయిగా, ఇంకేం కావాలి అని అడిగేవాళ్లున్నారు. ఉన్నాయి. పేరుకి ఉన్నవి కూడా ఉన్నాయి. రోగులే లేని ఆసుపత్రిని చూపించి సీట్లు తెచ్చుకుని, పిల్లలు మూడేళ్లలో పట్టుమని పది కాన్పులు కూడా చూడకుండా సర్టిఫికెట్ ఇచ్చేవి ఉన్నాయి. నర్సుకి అధికారం ఇవ్వమనే నాలాంటివాళ్లు ముందు వీటిని మూయించమని అడగాలి. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం తెచ్చారు. అదే ఏడాది మెడికల్ కాలేజీల పక్కనే 157 కొత్త ప్రభుత్వ నర్సింగ్ కాలేజీలకి కేంద్రం ఒప్పుకుంది. మంచిదే. కానీ కాలేజీ పెట్టినంత మాత్రాన పోస్టు పుట్టదు. పోస్టు లేకపోతే ఆ కాలేజీలు జర్మనీకి నర్సరీలే.

థాయ్‌లాండ్ వాళ్లు వేరే వరసలో వెళ్లారు. 1980ల్లో పెద్ద పట్నాల ఆసుపత్రులకి కొత్త పెట్టుబడులు కొన్నేళ్లు ఆపేసి, ఆ డబ్బుతో జిల్లాల్లో చిన్న ఆసుపత్రులు, ఊళ్లలో ఆరోగ్య కేంద్రాలు కట్టారు. పల్లె పిల్లలనే ఎంచుకుని నర్సింగ్ చదివించి, తిరిగి వాళ్ల ప్రాంతాల్లోనే పోస్టింగులిచ్చారు. అందరికీ వైద్యం అనే పథకం దేశమంతటా అమల్లోకి తెచ్చింది ఆ తర్వాత, 2002 నాటికి. అప్పటికి ఊళ్లో తలుపు తీసి కూర్చునే మనిషి ఉంది. మనం కార్డు ముందిచ్చాం. మనిషి కోసం ఇప్పుడు వెతుకుతున్నాం.

ఇక డబ్బు. దీనికి డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది అన్నదే చివరికి అందరూ అడిగేది. మన రాష్ట్రంలో పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకి 2024 జూలై నుంచి నెలకి 15,000 పింఛను ఇస్తున్నారు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి 10,000. ఇవ్వాల్సిందే, ఇంకా పెంచినా నేను కాదనను. విలేజ్ క్లినిక్‌లో ఉన్న ఆ సిస్టరమ్మది కాంట్రాక్టు ఉద్యోగం, జీతం 25,000, పైన పనిని బట్టి ఇన్సెంటివ్. ఒక ఊళ్లో ఇద్దరు మంచాన పడితే నెలకి 30,000. వాళ్లు మంచాన పడకుండా చూడగల మనిషికి జీతం అంతకంటే తక్కువ, అదీ ఏ ఏటికాయేడు రెన్యువల్ అవుతుందో లేదో తెలియని ఉద్యోగం. బీపీ బిళ్ల ఖరీదు చెప్పనక్కర్లేదు, రోజుకి టీ గ్లాసు ఖర్చు కూడా కాదు.

పింఛన్ల జాబితా సచివాలయంలో అడిగితే చూపిస్తారు. మా ఊరిది నేను చూశాను, పక్షవాతం పేర్లలో యాభై ఏళ్లు నిండనివాళ్లు కూడా ఉన్నారు. వచ్చే గ్రామసభలో సిమెంటు రోడ్డు, డ్రైనేజీల తర్వాత మాట్లాడే అవకాశం ఇస్తే ఈ జాబితా చదివి, వీళ్లలో ఎంతమందికి పడిపోకముందు ఏడాదిలో ఒక్కసారైనా బీపీ చూశారో క్లినిక్ రిజిస్టరు తెప్పించి చెప్పమని అడుగుతాను. జవాబు చెప్పాల్సింది ఆ క్లినిక్ సిస్టరమ్మ కాదు. ఆమె రాకముందు ఎనిమిది నెలలపాటు ఆ పోస్టు ఖాళీగా ఉంది.